వసంతంలో ఇటలీ: ఒక కుటుంబ యాత్రా ప్రణాళిక

2025 ఏప్రిల్, మే మాసాలలో కుటుంబ సమేతంగా ఇటలీ దేశంలో పర్యటించి వచ్చిన నాటి నుండి మిత్రులు పలువురు "ఎలా ఏర్పాటు చేసుకున్నారు? ఎంత ముందుగా మొదలుపెట్టారు?" అని అడుగుతూనే ఉన్నారు. క్యాంటీనులో టీ చల్లారేలోగా చెప్పగలిగిన సంగతి కాదు కనుక మన పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను. చూసిన వింతల కంటె, వాటిని ఏ క్రమంలో, ఏ కారణం చేత చూడదలచామన్నదే ఇందులో ఎక్కువగా కనిపిస్తుంది. ప్రణాళికా విభాగంలో ఇరవై ఏళ్లు పనిచేసిన వాడి వ్రాత అలాగే ఉంటుందని పాఠకులు మన్నించాలి.

2008 శీతాకాలంలో సంస్థ పనిమీద ఉత్తర ఇటలీలోని ఒక యంత్ర నిర్మాణశాలకు వెళ్లి మూడు వారాలు ఉన్నాను. ఒక ఆదివారం వెనిస్ నగరానికి వెళ్లగా సముద్రపు పోటు వచ్చి సెయింట్ మార్క్ చౌకం నీట మునిగి ఉంది. బల్లలు పరచిన ఎత్తు దారిమీద జనమంతా వరుసగా నడుస్తున్నారు. ఇంట్లో ఈ ముచ్చట అనేకసార్లు చెప్పి ఉంటాను. "మమ్మల్ని ఎప్పుడు తీసుకువెడతారు?" అన్న ప్రశ్నకు పదహారేళ్లు నా వద్ద సమాధానం లేకపోయింది.

మేము అయిదుగురం. నేను, నా శ్రీమతి, సివిల్ ఇంజనీరింగు చదువుతున్న అమ్మాయి, తొమ్మిదవ తరగతి అబ్బాయి, డెబ్బయి నాలుగేళ్ల మా అమ్మ. అసలు సమస్య అమ్మ మోకాళ్లు. మా తమ్ముడు రాజమండ్రి నుండి ఫోను చేసి, "అమ్మను మా ఇంట్లో దింపి వెళ్లు అన్నయ్యా, అంత దూరంలో ఏమైనా అయితే ఎవరు చూస్తారు?" అన్నాడు. వాడన్నదాంట్లో తప్పేమీ లేదు. అమ్మ కూడా, "నేనెందుకురా మీ కాళ్లకు అడ్డం, మీరు హాయిగా వెళ్లి రండి" అంది. ఎల్.టి.సి. మీద కాశీ, రామేశ్వరం, సిమ్లా తిరిగిన మనిషి ఆ మాట అంత సులువుగా అనదని నా శ్రీమతి కనిపెట్టింది. "అత్తయ్యగారు వస్తేనే వెడదాం. లేకుంటే ఆ డబ్బుతో వంటిల్లు బాగు చేయించుకుందాం" అని తేల్చి చెప్పింది.

ఎముకల వైద్యునికి చూపించాము. చదునైన నేలమీద నడవవచ్చు, మెట్లు మాత్రం వీలైనంత తగ్గించండి అన్నారు. "వీలైనంత" అన్న పదం ఇంజనీరుకు సరిపోదు. మా కాలనీ రోడ్డు మీద పది రోజులపాటు ఉదయం వేళ అమ్మతో నడిచి కొలిచాను. 300 మీటర్లకు ఒకసారి ఆమె కూర్చోవాలి. అయిదు నిమిషాల విశ్రాంతి తరువాత మళ్లీ 300 మీటర్లు నడవగలదు. ఇలా ఉదయం నాలుగు విడతలు, సాయంత్రం నాలుగు విడతలు నడిస్తే మరునాడు నొప్పి పెరగడం లేదు. అంటే రోజుకు రెండున్నర కిలోమీటర్ల లోపు, ఒక్కసారికి ఇరవైకి మించని మెట్లు. మిగిలిన ప్రణాళికంతా ఈ కొలతల మీదనే కట్టాము. అమ్మ అడిగింది ఒక్కటే: "అక్కడ కూర్చోవడానికి అరుగులుంటాయా?"

పిల్లలు తయారుచేసిన మొదటి జాబితాలో ఏడు ఊళ్లున్నాయి. పన్నెండు రోజులలో ఏడు ఊళ్లంటే ప్రతి రెండవ రోజు సామాను సర్దుకోవడమే. ఒక ఊరు మారడానికి రైలు రెండు గంటలే కావచ్చు, కాని గది ఖాళీ చేయడం, స్టేషను చేరడం, దిగడం, కొత్త గది తాళం చేతికి వచ్చేదాకా వేచి ఉండడం కలిపితే సగం రోజు పోతుంది. కర్మాగారంలో ఒక రోలు మార్చడానికి పట్టే సమయం కంటె దాని చుట్టూ పోయే సమయమే ఎక్కువని మనకు తెలియనిది కాదు. ఏడు ఊళ్లు మూడయ్యాయి: వెనిస్, ఫ్లారెన్స్, రోమ్. మిలాన్, నేపుల్స్, అమాల్ఫీ తీరం కొట్టివేశాము. పాంపే నగరాన్ని తీసివేసినందుకు అబ్బాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. దాని సంగతి తరువాత చెబుతాను.

వెనిస్‌లో దిగి రోమ్‌లో విమానం ఎక్కేలా టిక్కెట్లు కొన్నాము. దిగిన ఊరికే తిరిగి రావలసిన పని లేకపోవడంతో ఒక రోజు మిగిలింది. మెట్ల వంతెనలతో అమ్మకు అన్నిటికంటె కష్టమైన ఊరు వెనిస్. కాళ్లు అలసిపోకముందే దానిని చూడాలి. రోమ్ చివర ఉండడం ఎంత మేలయిందో అప్పుడు మాకు తెలియదు.

కాలం విషయానికి వస్తే, ఇటలీలో వసంతం మార్చి ఆఖరు నుండి మే వరకు. అబ్బాయి పరీక్షలు ముగిసేది ఏప్రిల్ మూడవ వారంలో. ఆ దేశపు పంచాంగంలోని సెలవులను ముందుగా చూసుకోవాలి. ఏప్రిల్ 25 విమోచన దినం, మే 1 కార్మిక దినం. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియములలో ప్రవేశం ఉచితం, కనుక ఆ రోజున తోపులాట ఎక్కువ. ఫ్లారెన్స్‌లోని ఉఫీజీ చిత్రశాలకు సోమవారం సెలవు. మే 1న చాలాచోట్ల తలుపులు మూసి ఉంటాయి గాని రైళ్లు తిరుగుతాయి కాబట్టి ఆ రోజును ప్రయాణానికి కేటాయించాము.

పర్ట్ చార్టు వేసి చూస్తే అన్నిటికంటె పొడవైన దారి వీసాది. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండి దరఖాస్తు చేయవచ్చు. 2024 జూన్ నుండి పెద్దలకు రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అమ్మ వయసును బట్టి ఆమె బీమాకు మా నలుగురి బీమా కంటె ఎక్కువ అయింది. మనబోటి ప్రభుత్వ రంగ ఉద్యోగులకు ఇంకొక మెట్టు ఉంది. సొంత పనిమీద విదేశం వెళ్లడానికి సంస్థ నుండి నిరభ్యంతర పత్రం కావాలి, విజిలెన్స్ విభాగం సమ్మతి కావాలి. ఆ కాగితం నాలుగు బల్లలు దాటి వచ్చేసరికి అయిదు వారాలు పట్టింది. కనుక మిత్రులు టిక్కెట్ల కంటె ముందు దీనితోనే ప్రారంభించాలి. మేము అక్టోబరులో మొదలుపెట్టి ఫిబ్రవరి ఆఖరుకు పాస్‌పోర్టులు వీసాతో సహా చేతిలోకి తెచ్చుకున్నాము.

ఏప్రిల్ 21 మధ్యాహ్నం, బయలుదేరడానికి రెండు రోజుల ముందు, పోప్ ఫ్రాన్సిస్ మరణవార్త వచ్చింది. రోమ్ నగరంలో అది జూబిలీ సంవత్సరం, అప్పటికే యాత్రికులతో నిండి ఉంది. బంధువుల ఫోన్లు మొదలయ్యాయి. రోమ్‌ను రద్దు చేయాలా? గది డబ్బు తిరిగి రాదు, విమానం రోమ్ నుండే. అంత్యక్రియలు 26వ తేదీన అని మరునాడు ప్రకటించారు. మేము రోమ్ చేరేది మే 1న. అంత్యక్రియలకు వచ్చిన జనం వెళ్లిపోయి, కొత్త పోప్ ఎన్నికకు జనం పోగుకాకముందు మా అయిదు రోజులు ఆ సందులో పడేటట్లున్నాయి. పట్టిక మార్చనక్కరలేదని నిర్ణయించి, 24 తెల్లవారుజామున హైదరాబాదులో విమానం ఎక్కాము.

వెనిస్‌లో నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయి, అధిక భాగం మెట్లతోనే. కాని ఊరి మధ్యగా పారే పెద్ద కాలువ మీద పడవ బస్సులు నడుస్తాయి. వాటిని వాపొరెత్తో అంటారు. పడవ రేవుకూ మన గదికీ నడుమ వంతెన లేని చోటు వెదుక్కుంటే చాలు. మేస్త్రే అనే ఒడ్డు మీది పేటలో గదులు చౌక, కాని రోజూ రైలు ఎక్కి దిగడం అమ్మకు పని పెంచుతుంది. రెండు వేలు, మూడు వేలు మిగుల్చుకోవడం కోసం ఆమె మెట్ల ఖాతా ఖర్చు చేయదలచలేదు. పడవకు ఒక్క ప్రయాణానికి 9.50 యూరోలు, మూడు రోజుల పాసు 45 యూరోలు. పాసు తీసుకుని, అమ్మను ముందు సీటులో కూర్చోబెట్టి, ఒకటో నంబరు పడవలో పెద్ద కాలువ ఈ చివరి నుండి ఆ చివరకు రెండుసార్లు తిరిగాము. కోనసీమ మనిషి. "ఇదంతా మన గోదావరి లంకల్లాగే ఉందిరా, కాకపోతే కొబ్బరిచెట్ల చోట మేడలున్నాయి" అంది. రోజు చూసుకుని వెళ్లిపోయే యాత్రికుల వద్ద ఆ రోజులలో ప్రవేశ రుసుము వసూలు చేశారు. రాత్రి బస చేసేవారికి మినహాయింపు ఉంది గాని, దానికీ ముందుగా నమోదు చేసుకుని సంకేతం తీసుకోవాలి.

ఏప్రిల్ 25 వెనిస్ వారికి సెయింట్ మార్క్ పండుగ కూడా. ఆ రోజు పురుషులు తాము ప్రేమించే స్త్రీకి ఒక ఎర్ర గులాబి మొగ్గ ఇస్తారు. మా అబ్బాయి నన్ను మోచేతితో పొడిచి గుర్తుచేయగా నేను రెండు కొన్నాను. ధర చెబితే నా శ్రీమతి మొగ్గను వెనక్కి ఇచ్చి రమ్మంటుందని చెప్పలేదు.

2008లో నేను చూసిన పోటు ఇప్పుడు ఊరిలోకి రాదు. ఉప్పునీటి సరస్సు సముద్రంలో కలిసే మూడు ముఖద్వారాల వద్ద 78 ఉక్కు తలుపులు సముద్రపు అడుగున పడుకొని ఉంటాయి. మామూలు వేళ వాటి నిండా నీరే. పోటు వస్తున్నదని తెలియగానే సంపీడిత వాయువును లోపలికి పంపి నీటిని బయటకు నెడతారు. తలుపులు తేలికై, అడుగున బందుల మీద తిరిగి, ఏటవాలుగా పైకి లేస్తాయి. 2019 నవంబరు 12న 187 సెంటీమీటర్ల పోటు ఊరిని ముంచెత్తింది. 2020 అక్టోబరు 3న ఈ తలుపులు మొదటిసారి నిజమైన పోటును ఆపాయి. అయిన వ్యయం 500 కోట్ల యూరోలకు పైమాటే, నడుమ లంచాల కేసులు, ఏళ్ల తరబడి ఆలస్యం. పెద్ద ప్రాజెక్టులలో పనిచేసినవారికి ఆ కథ కొత్త కాదు. నీటి కిందనున్న దానిని చూడడం కుదరదు కనుక అమ్మాయి సముద్రం వైపు చూసి తృప్తిపడింది.

27న రైలులో రెండుంబావు గంటలలో ఫ్లారెన్స్ చేరాము. వేగపు రైళ్లకు ముందుగా కొంటే చౌక, కాని ఆ చౌక టిక్కెట్టు మార్చుకోవడానికి వీలుండదు. నడవలేని వారికి పెద్ద స్టేషన్లలో సాలా బ్లూ అనే సహాయ కేంద్రాలున్నాయి. ముందుగా చెప్పి ఉంచితే చక్రాల కుర్చీతో వచ్చి, బండి మెట్లు ఎక్కకుండా పైకి చేర్చే యంత్రంతో ఎక్కిస్తారు. అమ్మ మొదట సిగ్గుపడింది. రెండవసారి తానే "ఆ బండి అబ్బాయి రాలేదేమిటి?" అని వెదికింది.

ఫ్లారెన్స్‌లో వంటిల్లున్న ఇల్లు అద్దెకు తీసుకున్నాము. అమ్మ గుడ్డు కూడా తినదు. కొత్తగా పిసికి చేసే పాస్తాలో తరచు గుడ్డు ఉంటుంది, పొట్లాలలో అమ్మే ఎండు పాస్తాలో సాధారణంగా గోధుమ, నీరే. అసలైన పార్మిజాన్ జున్నులో దూడ పొట్ట నుండి తీసిన పదార్థం వాడతారు కనుక అదీ వద్దు. టమాటా, వెల్లుల్లి, నూనె ఉండే మరినారా పిజ్జా ఆమెకు నప్పింది. అక్కడి రొట్టెలో ఉప్పు వేయరు. మేము తీసుకువెళ్లిన కందిపొడి దానిమీద చల్లుకుని తింటే ఆ లోటు తీరింది.

ఇక అరుగుల సంగతి. పదిహేనవ శతాబ్దపు ధనికులు, మెడిచీ, స్ట్రోజీ వంశాలవారు, తమ మేడల వెలుపలి గోడ పొడవునా వీధిలోకి రాతి బల్లలు కట్టించారు. పనిమీద వచ్చినవారు, దారిన పోయేవారు కూర్చోవడానికి. ఆ బల్లలు నేటికీ ఉన్నాయి. ఊరి పటం మీద అమ్మ విడతలను 300 మీటర్ల చొప్పున గుర్తించి, వాటి చివర ఈ అరుగులు వచ్చేలా దారులు గీసింది మా అమ్మాయి. మెడిచీ మేడ అరుగు మీద కూర్చుని అమ్మ, "కట్టినవాడు వయసు మళ్లినవాడై ఉంటాడు" అంది.

సోమవారం చిత్రశాల మూత కనుక ఆ రోజు ప్రధాన ఆలయ గుమ్మటం ఎక్కడానికి పెట్టుకున్నాము. 463 మెట్లు, లిఫ్టు లేదు, సమయం నిర్ణయించి ముందుగానే టిక్కెట్టు కొనాలి. నేనూ పిల్లలూ ఎక్కాము. ఆ గుమ్మటం సుమారు 45 మీటర్ల వెడల్పు. 1420లో మొదలుపెట్టి 1436లో ముగించారు. అంత వెడల్పుకు కింద నుండి కొయ్య అచ్చు నిలబెట్టాలంటే అడవులు చాలవు. కంసాలి పనిలో తర్ఫీదైన బ్రునెలెస్కీ అచ్చు లేకుండానే కట్టి చూపాడు. ఒకటి కాదు, ఒకదానిలో ఒకటిగా రెండు పెంకులు. ఇటుకలను నడుమ నడుమ నిలువుగా, చేపముల్లు ఆకారంలో పేర్చడం వలన తడి ఆరని వరుస జారిపోకుండా నిలిచింది. ఎక్కే దారి ఆ రెండు పెంకుల మధ్యనే. భుజం రాసుకుంటూ ఎక్కుతుంటే ఇటుకల కూర్పు కంటికి ఆనుతుంది. మా అమ్మాయి ఆగి ఆగి చూస్తూ ఉంటే వెనుకవారు విసుక్కున్నారు. నాలుగేళ్ల చదువులో ఆమె ఇంత శ్రద్ధగా ఒక గోడను చూడడం నేను ఎరుగను.

పీసా ఊరు ఫ్లారెన్స్ నుండి రైలులో గంట దూరం. ఒరిగిన గోపురాన్ని వింతగా కాక పునాదుల పాఠంగా చూడాలని నా మనవి. 1173లో మొదలయింది. మూడవ అంతస్తు దాకా వచ్చేసరికి మెత్తని బంకమట్టి దిగి ఒరగసాగింది. యుద్ధాల కారణంగా పని దాదాపు వందేళ్లు ఆగింది. ఆ విరామంలో మట్టి గట్టిపడడం వలననే గోపురం నిలిచిందని నిపుణుల అభిప్రాయం. ఏకబిగిన కట్టి ఉంటే కూలిపోయేదట. 1989లో పావియా నగరంలో ఒక పాత గోపురం హఠాత్తుగా కూలి నలుగురు మరణించగా, 1990 జనవరిలో పీసా గోపురాన్ని మూసివేశారు. ఒరగని ఉత్తరం వైపు వందల టన్నుల సీసం దిమ్మలు పేర్చారు. చివరకు ఆ వైపు పునాది కింద నుండి కొద్ది కొద్దిగా మట్టిని తోడారు. అయిదున్నర డిగ్రీల ఒరుగు సుమారు నాలుగు డిగ్రీలకు వచ్చింది, 2001 డిసెంబరులో తిరిగి తెరిచారు. పూర్తిగా నిలబెట్టగలిగినా ఎవరూ ఒప్పుకోరు కదా! అమ్మ పచ్చికను ఆనుకుని మడత స్టూలు మీద కూర్చుని, రెండు చేతులతో గోపురాన్ని నెడుతున్నట్లు ఫోటోలు దిగేవారిని గంటసేపు చూసి నవ్వుకుంది.

రోమ్‌లో మేము ముందుగా కొన్న టిక్కెట్లలో వాటికన్ మ్యూజియం మే 2వ తేదీది. సిస్టీన్ మందిరాన్ని పోప్ ఎన్నిక నిమిత్తం ఏప్రిల్ 28 నుండే మూసివేశారు. మైకెలాంజెలో చిత్రించిన కప్పు కోసమే మా శ్రీమతి రోమ్‌కు ఓటు వేసింది. రాఫెల్ గదులు తెరిచే ఉన్నాయి, వాటిని నిదానంగా చూశాము. ఆమె ఏమీ అనలేదు. బయటకు వచ్చాక, "మూసిన తలుపు దాకా వచ్చామని చెప్పుకోవాలి" అని మాత్రం అంది.

అదే రోజు ఉదయం పాంథియాన్. ప్రయాణమంతా రద్దయి ఇదొక్కటే మిగిలినా నేను వెళ్లి ఉండేవాడిని. సుమారు 1,900 ఏళ్ల నాటి గుమ్మటం, 43.3 మీటర్ల వ్యాసం, లోపల ఒక్క ఉక్కు కడ్డీ లేదు. నేల నుండి నడినెత్తి వరకు ఎత్తు కూడా అంతే. కాంక్రీటులో కింద బరువైన రాతి ముక్కలు, పైకి పోయేకొద్దీ తేలికైనవి, కొన వద్ద నీటిపై తేలే అగ్నిపర్వతపు నురగరాయి వాడారు. గోడ మందం కూడా పైకి తగ్గుతూ పోతుంది. నడినెత్తిన తలుపు లేని గుండ్రని రంధ్రం. వాన పడితే లోపలికే పడుతుంది, కొద్దిగా ఉబ్బిన నేల మీద జారి తూముల్లోకి పోతుంది. లోపల మెట్లు లేవు. అమ్మ నడిచి వచ్చి, బల్ల మీద కూర్చుని, పైనుండి దిగిన ఎండ గోడ మీద కదలడం చూస్తూ ఉండిపోయింది. మూడు విడతల విశ్రాంతి సమయం అక్కడే గడిచింది, నేను గడియారం చూడలేదు.

3వ తేదీ శనివారం అబ్బాయి గెలిచాడు. తెల్లవారుజామున ఇద్దరమే బయలుదేరి, నేపుల్స్ దాకా గంటం పావు, అక్కడి నుండి వెసూవియస్‌ను చుట్టివచ్చే చిన్న రైలులో పాంపే వెళ్లి, రాత్రికి తిరిగి వచ్చాము. క్రీ.శ. 79లో బూడిద కింద పూడిన ఆ ఊరి వీధులు ఎగుడుదిగుడు రాళ్లమయం, అమ్మకు వల్లపడేది కాదు. బండి చక్రాలు కోసిన గాళ్లలో కాలు పెట్టి కొలుస్తూ అబ్బాయి రోజంతా తిరిగాడు. ఎండకు నా తల నొప్పి పుట్టిందే గాని వాడికి ఆకలి కూడా గుర్తు రాలేదు.

ఆ ఉదయమే ఆడవాళ్లు ముగ్గురూ మా బసకు దగ్గరలోని సాంతా మరియా మజ్జోరె ఆలయానికి వెళ్లారు. పోప్ ఫ్రాన్సిస్‌ను సమాధి చేసింది అక్కడే. వరుస పొడవుగా ఉన్నా స్టూలు వేసుకుని కదులుతూ వెళ్లి చూశారట. తెల్లని రాయి, దానిమీద లాటిను భాషలో పేరు ఒక్కటే. "అంత పెద్దాయనకు పేరు తప్ప ఇంకేమీ వ్రాయలేదురా" అని అమ్మ ఆ రాత్రి నాకు రెండుసార్లు చెప్పింది.

ఉచిత ఆదివారపు రద్దీకి జడిసి కొలోసియంను బయటి నుండే చూశాము. అదే చాలునని నా అభిప్రాయం, పిల్లలు ఒప్పుకోరు. సాయంత్రం సెయింట్ పీటర్ చౌకంలో స్తంభాల నీడన కూర్చున్నాము. సిస్టీన్ మందిరం కప్పు మీద రెండు రోజుల క్రితమే బిగించిన సన్నని పొగగొట్టాన్ని అమ్మాయి వేలుతో చూపించింది. మరునాడు విమానం ఎక్కాము.

మే 8 రాత్రి తొమ్మిదిన్నర దాటాక క్వార్టరులో భోజనాలవుతుండగా టీవీలో ఆ గొట్టం నుండి తెల్లని పొగ వచ్చింది. అమ్మ కంచం ముందు నుండి లేవకుండానే కళ్లద్దాలు సర్దుకుని చూసి, తమ్ముడికి ఫోను కలపమంది. "మొన్న మేం చూసిన గొట్టమే నాయనా, కొంచెం ఎడమ పక్కగా ఉంటుంది" అని వాడికి వివరించసాగింది.